ఎఫెసీ 4:15: "ప్రేమ కలిగి సత్యము చెప్పుచు" అంటే మెత్తగా మాట్లాడమనేనా?

ఇందాక ఒక అక్క మంచి ప్రశ్న వేశారు. ఈ వచనమూ, సుమతీ శతకంలో "నొప్పింపక తానొవ్వక తప్పించుక తిరుగువాడు ధన్యుడు" అన్నదీ ఒకటే కదా అని. కింద చాలామంది అవునన్నారు. నాకైతే రెండూ ఎదురెదురు మాటల్లాగా కనిపిస్తాయి. పద్యం లౌక్యం నేర్పుతుంది, నలుగురిలో బతికేవాడికి అది కావాల్సిందే, కాదనను. కానీ ఎఫెసీ సంఘానికి ఈ మాట రాసిన పౌలు తప్పించుకు తిరిగిన మనిషి కాదు. అంతియొకయలో అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి భోంచేస్తున్న యేసు శిష్యుడు పేతురు, యెరూషలేము సంఘపెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు యూదులు రాగానే భయపడి పక్కకు జరిగితే, అందరి ముందే నిలదీశాడు. "ముఖాముఖిగా అతనిని ఎదిరించితిని" అని గలతీ 2లో తనే రాశాడు.

వాక్యం చూడండి, "ప్రేమతో" అని లేదు, "ప్రేమ కలిగి" అని ఉంది. "ప్రేమతో" అంటే గొంతు తగ్గించి, నవ్వు మొహం పెట్టి చెబితే చాలనిపిస్తుంది. "కలిగి" క్త్వార్థకం, అంటే "చూసి", "వెళ్లి" లాంటి మాట, ముందు జరగాల్సిన పని. అది లేకుండా నోరు తెరవకూడదు, అది ఉన్నాక నోరు మూసుకోనూ కూడదు. మార్కు 10:21లోనూ ఇదే వరస. నిత్యజీవం కోసం ఏం చెయ్యాలని ఒక ఆస్తిపరుడు అడిగితే, "యేసు అతని చూచి అతని ప్రేమించి", ఆ తర్వాతే "నీకు ఒకటి కొదువగానున్నది" అంటాడు, ఉన్నదంతా అమ్మి బీదలకిమ్మంటాడు. ఆ ఆస్తిపరుడు ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. యేసు వెనకాల పరిగెత్తి షరతు తగ్గించలేదు.

మన సంఘాల్లో ఈ వచనం నోళ్లు మూయించడానికి వాడేస్తున్నారు, అదే నా బాధ. మా ఒంగోలు వైపు ఒక పల్లెలో కోతపండగ వేలం డబ్బుల లెక్క అడిగిందని ఒకమ్మాయిని కమిటీలో "ప్రేమ కలిగి మాట్లాడు తల్లీ" అని కూర్చోబెట్టారు. ఆ అమ్మాయి అంతకుముందే మత్తయి 18:15లో చెప్పినట్టు ఆ లెక్కలు చూసే పెద్దాయన ఇంటికి ఒక్కతే వెళ్లి, పద్దు పుస్తకం ముందు పెట్టి, గుమ్మడికాయలూ కోళ్లూ పాడిన పేజీలో కూడిక దగ్గర వేలు పెట్టి, "ఇక్కడ తేడా వస్తోంది తాతయ్యా" అని అడిగింది. ప్రేమ కలిగి ఉండటం అంటే ఇంకేం చెయ్యాలండీ?

ఇంకో సంగతి, మన జిల్లాదే. ధాత కరువులో (1876-78) ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో 3.5 మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. బాప్తిస్మం ఇమ్మని జనం మీదపడుతుంటే మాత్రం ఆపేశాడు. గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని, విశ్వాసం నిజమో కాదో కరువు పోయాకే తేలాలని. పంపిన సంఘానికి పెద్ద అంకె చూపించుకునే అవకాశాన్ని చేతులారా పక్కనపెట్టడం చిన్న ధైర్యం కాదు. కరువు పనులు ముగిశాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అందరూ ఈ 2,222 గురించే చెప్పుకుంటారు. నాకు మాత్రం అంతకుముందు "ఇప్పుడు కాదు" అన్న నెలలే పెద్దవి.

ధైర్యం అనే మాట ఈ వచనంలో లేదు కదా అని ఒక తమ్ముడు రాశాడు. నిజమే. కానీ ఈ పత్రిక, అంటే ఈ ఉత్తరం, రాసిన పౌలు సంకెళ్లలో ఉన్నాడు, 6:20లో ధైర్యంగా మాట్లాడేలా ప్రార్థించమని ఎఫెసీవాళ్లనే అడుగుతున్నాడు. భయం లేనివాడు అలా అడగడు. 2 తిమోతి 1:7లోనైతే శక్తి, ప్రేమ, ఇంద్రియ నిగ్రహం మూడూ పక్కపక్కనే ఉంటాయి, పిరికితనం ఒక్కటే బయట. నిగ్రహం ఎందుకంటే, నిజం చెబుతున్నానని కసి తీర్చుకునేవాళ్లూ మనలో తక్కువేం లేరు.

"అప్రియమైన సత్యం చెప్పొద్దన్నారు పెద్దలు" అన్న మాస్టారికి: భారతంలో విదురుడే, ఇంపుగా మాట్లాడేవాళ్లు ఎప్పుడూ దొరుకుతారు, చేదైనా మేలు చేసే మాట చెప్పేవాడూ వినేవాడూ దొరకడమే కష్టం అంటాడు కదండీ. ఆ ఉద్యోగపర్వాన్ని తెలుగు చేసిన తిక్కన మన నెల్లూరువాడే.

ఇంతకీ "సత్యము చెప్పుచు" అన్నచోట మూలమైన గ్రీకులో ఉన్నది ఒక్కటే క్రియ, "చెప్పు" విడిగా లేదు. సత్యంగా బతకడం కూడా అందులో ఇముడుతుంది. దానికి తెలుగులో సరిపోయే ఒక్క మాట ఎవరికైనా తడితే కింద రాయండి, నాకింకా దొరకలేదు.