మిస్సింగ్ కేసు జూన్‌లో, శవం జులైలో: పంచనామా ఏ సెక్షన్ కింద?

విజయవాడ నేపథ్యంగా ఒక డిటెక్టివ్ నవల రాస్తున్నాను. పదకొండో అధ్యాయం దగ్గర మూడు వారాలుగా బండి కదలడం లేదు.

కథలో 2024 జూన్ 27 రాత్రి భర్త ఇంటికి రాడు. 29న భార్య ఫిర్యాదు ఇస్తే మిస్సింగ్ కేసుగా ఎఫ్‌ఐఆర్ కడతారు. జులై 9న బందరు కాలువలో గుర్రపుడెక్క మధ్య శవం తేలుతుంది. తల వెనక గట్టి దెబ్బ. ముఖం గుర్తుపట్టేలా లేదు. చొక్కా కాలర్ లోపల టైలర్ లేబుల్ చూసి భార్య పోల్చుకుంటుంది.

చిక్కంతా జులై 1తోనే. ఆ రోజు నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చాయి: నేరాలు, శిక్షలు చెప్పే ఐపీసీ స్థానంలో బీఎన్‌ఎస్, దర్యాప్తు, విచారణ పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్. హత్య జరిగింది జూన్ 27నే కాబట్టి ఐపీసీ 302 పడుతుంది, బీఎన్‌ఎస్ 103 కాదు. అంతవరకు తేలింది. మరి శవ పంచనామా? సీఆర్‌పీసీ 174 కిందా, బీఎన్‌ఎస్‌ఎస్ 194 కిందా?

బీఎన్‌ఎస్‌ఎస్ 531 చదివాను. అప్పటికే నడుస్తున్న దర్యాప్తు పాత పద్ధతిలోనే సాగాలని ఉంది. కానీ మిస్సింగ్ కేసు హత్య కేసుగా మారితే అదే దర్యాప్తు అవుతుందా? తెలిసిన లాయరు గారు "పాతదే" అన్నారు. రిటైరైన హెడ్ కానిస్టేబుల్ గారు "కొత్త తేదీకి కొత్త సెక్షనే" అన్నారు. ఇద్దరూ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, అదే నా టెన్షన్. సెక్షన్ రాయకుండా దాటేద్దామంటే కుదరదు, కోర్టు సీన్‌లో డిఫెన్స్ లాయరు పట్టుకునేది ఆ కాగితాన్నే.

ఆ రోజుల్లో స్టేషన్‌లోనో కోర్టులోనో పనిచేసినవాళ్లు చెప్పండి: జూన్ ఎఫ్‌ఐఆర్ ఉన్న కేసులో జులైలో శవం దొరికితే పంచనామా మీద ఏ సెక్షన్ వేశారు?