రుషికొండ పేజీలో ఉంటే మెనూలో ‘బీచ్’ వెలగాలా, వద్దా?

గాజువాక_కోడర్:
విశాఖ చూడ్డానికొచ్చేవాళ్ల కోసం సైటు. మెనూలో హోమ్, బీచ్, కొండలు, బీచ్‌రోడ్. అడ్రసులూ తెలుగే: /బీచ్, దాని కింద /బీచ్/రుషికొండ, /బీచ్/యారాడ, విడిగా /బీచ్‌రోడ్. రుషికొండ తెరిచినా బీచ్ వెలగాలని నేనంటాను. అచ్చంగా అదే పేజీ అయితేనే వెలగాలని టీములో మిగతావాళ్లు. ఏది కరెక్టు?

ఎంవీపీ_ఫ్రంటెండ్:
అచ్చంగా సరిపోతేనే. ‘మొదలు కలిస్తే చాలు’ అని స్టార్ట్స్‌విత్ పెట్టారా, ఇక హోమ్ ఆరదు. ప్రతి అడ్రసూ స్లాష్‌తోనే కదా మొదలయ్యేది! పైగా బీచ్‌రోడ్ పేజీలో బీచ్ కూడా వెలుగుతుంది. ఏ పేజీలో ఉన్నామో చూసేవాడికి ఏం తెలుస్తుంది?

మధురవాడ_దేవ్:
ఏటండీ, పోలిక తప్పుగా రాసి పద్ధతిని తిడితే ఎలా? రెండు అడ్రసుల చివరా స్లాష్ లేకపోతే చేర్చి, అప్పుడు పోల్చండి. /బీచ్‌రోడ్/ అనేది /బీచ్/తో మొదలవదు, /బీచ్/రుషికొండ/ మొదలవుతుంది. హోమ్ ఒక్కదానికే అచ్చం పోలిక. పేజీలు మార్చే లైబ్రరీ రియాక్ట్ రౌటర్‌లో నావ్‌లింక్ అనే లింకు భాగం మామూలుగా చేసేది ఇదే. అచ్చంగా కావాలంటే ‘ఎండ్’ అనే ప్రాప్ (లింకుకి ఇచ్చే సెట్టింగు) ఉంది. వ్యూ రౌటర్ అనే ఇంకో లైబ్రరీ అయితే రెండిటికీ రెండు వేరే క్లాసులు (రంగూ గీతా పెట్టడానికి వాడే పేర్లు) ఇస్తుంది.

ఎంవీపీ_ఫ్రంటెండ్:
కంటికి సరే, మరి చూపులేనివాళ్లకి పేజీ చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి? నావ్‌లింక్ తనంతట తనే, ‘ఇప్పుడున్నది ఇక్కడే’ అని దానికి చెప్పే ఏరియా-కరెంట్‌కి ‘పేజ్’ అని పెట్టేస్తుంది. రుషికొండలో ఉన్నవాడికి ‘ఇదే పేజీ’ అని బీచ్ లింకు దగ్గర చదివితే అది అబద్ధం.

మధురవాడ_దేవ్:
ఇది ఒప్పుకుంటాను. పై మెనూలో ఏరియా-కరెంట్‌కి ‘ట్రూ’ ఇవ్వండి, ‘పేజ్’ అన్నది అచ్చం అదే పేజీ లింకుకే. రంగు కూడా రెండు మెట్లుగా: విభాగానికి కింద గీత మాత్రమే, అసలు పేజీకి గీతతో పాటు నిండు రంగు.

సీతమ్మధార_యూఐ:
అడ్రసు తెలుగులో ఉందని మర్చిపోతున్నారు. బ్రౌజరులో ఇప్పటి అడ్రసు చెప్పే లొకేషన్.పాత్‌నేమ్ ‘బీచ్’ అని ఇవ్వదు, శాతం గుర్తులతో 36 అక్షరాల చాంతాడు ఇస్తుంది. కోడ్‌లో తెలుగు మాట రాసి పోలిస్తే ఏ లింకూ వెలగదు, ఎర్రర్ కూడా రాదు. దాన్ని మళ్లీ తెలుగులోకి మార్చి (డీకోడ్ చేసి) పోల్చండి. లేదా లింకు ఎలిమెంటు పాత్‌నేమ్‌తోనే పోల్చండి, అదీ అలాగే ఎన్‌కోడ్ అయి వస్తుంది. ఇంకోటి, పొల్లు తర్వాత కనపడని విడదీత గుర్తు ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోతే రెండూ ‘బీచ్’లాగే కనిపిస్తాయి, కలవవు. పోల్చేముందు చివర్లో అది ఉంటే తీసేయండి.

గీత గురించి: అండర్‌లైన్ వద్దు. ‘కొత్తవి’ లాంటి మాటలో ఒత్తు కిందికి దిగుతుంది, బ్రౌజరు అక్కడ గీత తెంపేస్తుంది, ముక్కలుగా కనిపిస్తుంది. బోర్డర్-బాటమ్ (లింకు పెట్టెకి కింది అంచు గీత) పెట్టి 4 పిక్సెళ్లు ఎడం ఇవ్వండి. మిగతా లింకులకీ అంతే మందంలో పారదర్శకమైన బోర్డర్ ఉండాలి, లేకపోతే మెనూ ఎత్తు ఎగురుతుంది.

ఎంవీపీ_ఫ్రంటెండ్:
బోల్డ్ కూడా వద్దు. అక్షరం వెడల్పవుతుంది, పక్క లింకులు జరుగుతాయి. ఒక్క రంగు మార్చి వదిలేస్తే రంగులు తేడా తెలియనివాళ్లకి అందదు, కాబట్టి గీత సరే. కానీ పై విభాగం వెలిగించడం కంటే పేజీ పైన ‘బీచ్ › రుషికొండ’ అని ఒక వరస రాయడమే నయమని ఇప్పటికీ నా మాట.

గాజువాక_కోడర్:
వరస ఫోన్‌లో రెండు లైన్లు తినేస్తుంది సార్. గీతే పెడతాను.