అన్నయ్య పంపే ఫార్వర్డ్ తప్పని ఎలా చెప్పాలి?

అన్నయ్య నిన్న మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక వరద ఫోటో పెట్టి, "వీళ్ల పాలన ఇదీ" అని రాశాడు. రివర్స్ ఇమేజ్ సెర్చ్ (ఆ ఫోటో ఇంతకుముందు ఎక్కడ వచ్చిందో నెట్‌లో వెతకడం) చేస్తే అది ఏళ్ల కిందటిది, వేరే దేశానిది. లింకు పెట్టాను. "నువ్వూ ఆ పార్టీలో చేరిపోయావా?" అన్నాడు. ఫోటో సంగతి పక్కకు పోయి, నేను ఎటువైపన్నదే మిగిలింది. మనసు చివుక్కుమంది.

ట్విట్టర్‌లో నిజం కంటే అబద్ధం రీట్వీట్ అయ్యే అవకాశం 70 శాతం ఎక్కువని 2018లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఎంఐటీ (అమెరికాలోని విశ్వవిద్యాలయం) పరిశోధన తేల్చింది. అందుకే చూస్తూ ఊరుకోలేను. అలాగని చిన్నప్పుడు నన్ను సైకిల్ మీద తిప్పిన మనిషితో గొడవా పడలేను.

అందరి ముందూ కాకుండా విడిగా చెబితే వింటాడా? పార్టీ ఊసెత్తకుండా ఇంట్లోవాళ్లను ఒప్పించినవాళ్లుంటే, ఏ మాటతో మొదలుపెట్టారో దయచేసి చెప్పండి.