చర్చ: పేదల ఇళ్లకు ప్రభుత్వ ఖర్చుతో చల్లని పైకప్పులు వేయాలా, ఆ సొమ్ముతో కొత్త ఇళ్లు కట్టాలా?

పై అంతస్తు నివాసి (చర్చ మొదలుపెట్టినవారు)

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానం ప్రకారం, 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర కప్పులను ఎండను తిప్పికొట్టేవిగా మార్చాలి. అందులో 200 హైదరాబాదు వాటా. ప్రభుత్వం కట్టించిన పేదల ఇళ్లు కూడా ఆ పరిధిలోనివే. నగర శివారులో మేముంటున్న డబుల్ బెడ్‌రూం కాలనీలో మాత్రం ఇప్పటిదాకా ఒక్క బ్లాకు మీద కూడా ఆ తెల్లని పూత పడలేదు. మాది చివరి అంతస్తు. మే నెలలో రాత్రి పదకొండు గంటలకు కూడా మంచం పక్కనున్న గోడ మీద చెయ్యి వేస్తే కాగిన గిన్నెను ముట్టుకున్నట్టే ఉంటుంది. ఫ్యాను వేస్తే శ్లాబు వేడంతా మీదికి దిగుతుంది. మా అమ్మ తడిపిన దుప్పటిని కిటికీకి కట్టుకుని, తెల్లవారుజామున గాని కన్ను మూయదు. ఈ పని కోసం అర్జీ పెడదామని కాలనీ సమావేశంలో అంటే, ఇల్లే ఉచితంగా ఇచ్చారు, ఇంకా ఏమడుగుతామని కొందరు వెనక్కి తగ్గారు. అలా అడగడం న్యాయమా కాదా అన్నది తెలిసినవారు చెప్పాలని కోరుతున్నాను.

ఇంటి కోసం ఎదురుచూస్తున్నవారు

మీ అమ్మగారి అవస్థ అర్థమైంది. కానీ నేను రేకుల ఇంట్లో అద్దెకుంటూ రాస్తున్నాను. ఇక్కడి వేడి ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. విధానం ప్రకటించినప్పుడు చదరపు మీటరుకు దాదాపు 300 రూపాయలవుతుందని మంత్రి చెప్పారు. 400 చదరపు అడుగుల కప్పుకు అది 11,000 పైచిలుకు. ఇల్లు కట్టుకోవడానికి ఇందిరమ్మ పథకం కింద ప్రభుత్వం ఇచ్చే సాయం 5 లక్షలు. అంటే 45 కప్పులకు తెల్లరంగు వేసే సొమ్ముతో ఒక కుటుంబానికి ఇల్లే వస్తుంది. ఇల్లు వచ్చినవారికి రెండోసారి వడ్డించే ముందు, ఇంకా విస్తరి పడనివారి సంగతి చూడాలి.

భవన నిర్మాణ ఇంజనీరు

మీ లెక్కలో తప్పు లేదు, కానీ అది సగం లెక్క. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు సున్నా బిల్లు వస్తోంది, ఆ సొమ్మును ప్రభుత్వమే కరెంటు పంపిణీ సంస్థలైన డిస్కంలకు చెల్లించాలి. కనుక ఈ ఇళ్లలో ఆదా అయ్యే ప్రతి యూనిట్టూ ఖజానాకు మిగిలినట్టే. పైగా 200 దాటితే ఎక్కువైన యూనిట్లకే కాక మొత్తానికీ డబ్బు కట్టాలి. ఎండాకాలంలో కూలరు రాత్రంతా నడిపి 210 యూనిట్లు కాల్చిన ఇంటికి, ఏప్రిల్‌లో సున్నా ఉన్న బిల్లు మే నెలలో వెయ్యి దాటుతుంది. మామూలు ఫ్యాను దాదాపు 75 వాట్లు లాగితే, తక్కువ కరెంటు వాడే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30–35 వాట్లతో తిరుగుతుంది. రెండు ఫ్యాన్లు రోజుకు 15 గంటలు తిరిగే ఇంట్లో వాటిని మారిస్తే నెలకు 36 యూనిట్లు తగ్గుతాయి. ఆ కుటుంబం 200 గీత దాటకుండా ఉండడానికి ఇది చాలు.

ఇక పూత సంగతి. 2017లో హైదరాబాదులోని దేవరకొండ బస్తీలో పాతిక ఇళ్ల కప్పుల మీద వేడిని తిప్పికొట్టే పొర పరిచి చూసినప్పుడు, లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలంటే చిన్నమాటగా కనిపించవచ్చు, కానీ 2015 వేసవిలో దేశంలో వడదెబ్బకు రెండు వేలకు పైగా చనిపోతే వారిలో అత్యధికులు మన రెండు రాష్ట్రాలవారేనని మరచిపోకూడదు.

అయితే రంగు డబ్బా తెచ్చి పూసేస్తే సరిపోదు. శ్లాబులో లీకేజీ మూయకుండా పూస్తే మొదటి వానాకాలానికే పెచ్చులూడుతుంది. దుమ్ము, పాచి పట్టేకొద్దీ తెలుపు పనితనం తగ్గిపోతుంది. ఏటా శివరాత్రి వెళ్లగానే ఒకసారి కడగాలి, దానికి మనిషిని, నీళ్లను ఎవరు పెడతారో కాంట్రాక్టులోనే రాయాలి. తొమ్మిది, పది అంతస్తుల బ్లాకుల్లో పైకప్పు పూత వల్ల చల్లబడేది పై వరుస మాత్రమే. కింది ఇళ్లకు పడమటి గోడే శత్రువు.

టిడ్కో ఇంటి నివాసి, ఆంధ్రప్రదేశ్

ఆ చివరి మాట మా కథే. పట్టణ పేదల కోసం టిడ్కో సంస్థ కట్టించిన మా 365 చదరపు అడుగుల ఇల్లు షియర్‌వాల్ పద్ధతిలోది, ఇటుక లేదు, గోడలన్నీ కాంక్రీటే. అది లోపల గాలి బుడగలుండే తేలికపాటి ఏఏసీ ఇటుక గోడ కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ వేడిని లోపలికి వదులుతుందని మా బంధువు, ఆయనా ఇంజనీరే, వివరించారు. మాది రెండో అంతస్తు. పైన పూసినా మాకు ఒరిగేదేమీ ఉండదు. పడమటి కిటికీ మీద రెండడుగుల సజ్జా ఉంటే మూడింటి ఎండ మంచం మీద ఇంతగా పడేది కాదు. కొత్తగా కట్టే ఇళ్లకైనా పునాది నాడే సజ్జాలు, ఎదురెదురు వెంటిలేటర్లు పెడితే, తర్వాత ఈ చర్చే ఉండదు.

ఇంటి కోసం ఎదురుచూస్తున్నవారు

ఫ్యాన్ల లెక్క నాకు నచ్చింది, ఒప్పుకుంటున్నాను. కానీ ఆదా కరెంటు పద్దులో జరిగేటప్పుడు ఖర్చు ఇళ్ల పద్దులో ఎందుకు రాయాలి? ప్రభుత్వం డిస్కంలకు కట్టే సొమ్ములోంచి ముందుగా తీసి ఫ్యాన్లకు, పూతలకు పెట్టమనండి, అభ్యంతరం చెప్పను. ఇందిరమ్మ ఇళ్ల నిధిలోంచి ఒక్క రూపాయి తీసినా మాత్రం వ్యతిరేకిస్తాను.

పై అంతస్తు నివాసి

అర్జీని తిరగరాశాను. పూత మాటకు ముందు లీకేజీ మరమ్మతు చేర్చాను, అయిదేళ్లు ఏటా కడిగే బాధ్యత కాంట్రాక్టరుదేనని రాశాను. కింది అంతస్తుల వారి కోసం పడమటి కిటికీలకు సజ్జాలు, ఇంటికి రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు అడిగాను. ఖర్చు గృహజ్యోతి చెల్లింపుల నుంచి సర్దుబాటు చేయాలని, కొత్త ఇళ్ల నిధిని ముట్టవద్దని విడిగా ఒక పేరా పెట్టాను. మొదట వెనక్కి తగ్గినవారిలో ఇద్దరు నిన్న రాత్రి సంతకం చేశారు. ఇద్దరివీ కింది అంతస్తు ఇళ్లే.