పేజ్‌మేకర్ మీద నడిచే షాపు: విండోస్ 11కి ఇప్పుడే మారాలా, ఆగాలా?

తెనాలి డీటీపీ:

అందరికీ నమస్కారం. తెనాలిలో మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, బిల్‌బుక్కులు, దశదినకర్మ కార్డులు వేస్తాం. నేనూ మా మరిదీ చూసుకుంటాం. పనంతా పేజీలు పేర్చే పాత అడోబ్ సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7లోనే, అను అనే తెలుగు ఫాంట్లతో (యూనికోడ్ కానివి), యాపిల్ కీబోర్డ్ లేఅవుట్ మీద. దాని బదులు ఇన్‌డిజైన్ నేర్చుకోమనేవాళ్లకు ముందే దండం. మా పాత ఫైళ్లన్నీ పేజ్‌మేకర్‌వే. "మా పెద్దమ్మాయి పెళ్లికి వేశారే, అదే కార్డు, పేర్లు మార్చి ఇవ్వండమ్మా" అని వచ్చేవాళ్లు బోలెడుమంది. వాళ్లు కుర్చీలో కూర్చునే లోపు ఆ ఫైలు తెరుచుకోవాలి.

సిస్టమ్‌లు రెండు. ముందు టేబుల్ మీద ఐ5 8400, 8 జీబీ ర్యామ్. వెనక గదిలో నాలుగో తరం ఐ3. రెండింట్లోనూ విండోస్ 10. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు సపోర్ట్ ఆగిపోయింది కదా, అప్పటి నుంచి 11కి మారమని స్క్రీన్ నిండా నోటీసు. అదీ సరిగ్గా కస్టమర్ పక్కన కూర్చుని ప్రూఫ్ చూస్తున్నప్పుడే. మరిదేమో "నొక్కెయ్ వదినా, ఫ్రీయేగా" అంటాడు. ఏదైనా అయితే పెళ్లివాళ్లకు సమాధానం చెప్పాల్సింది నేను.

నా భయమల్లా 11లోకి వెళ్లాక వత్తులూ గుణింతాలూ చెదురుతాయేమోనని. పాత లేజర్ ప్రింటర్ మీద ట్రేసింగ్ పేపర్ తీసి ప్లేటుకి పంపిస్తాం, అది పలక్కపోతే షాపు మూసుకోవడమే. పైగా ఐ5లో మైక్రోసాఫ్ట్ వాళ్ల హెల్త్ చెక్ యాప్ వేస్తే ఈ సిస్టమ్ పనికిరాదంటోంది. కొత్తది కొనాలా ఏంటి?

కరీంనగర్ సర్వీస్:

అక్కా, కొనాల్సిన పని లేదు. ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్లు విండోస్ 11 లిస్టులో ఉన్నయి, మీ 8400 కూడా. యాప్ వద్దంటున్నదంటే చాలావరకు టీపీఎం 2.0 (11కి కావాల్సిన సెక్యూరిటీ ఫీచర్) బయోస్‌లో, అంటే విండోస్ లేవకముందు తెరిచే సెట్టింగ్స్‌ల, ఆఫ్ అయి ఉంటది. ఇంటెల్ బోర్డుల్లో దాన్ని పీటీటీ అంటరు. అది ఆన్ చేస్తే చాలు.

బయోస్‌లనే ఉండే సెక్యూర్ బూట్ జోలికి మాత్రం తొందరపడి పోకండి, దానికి యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతి కావాలె. ముందు డిస్క్ మేనేజ్‌మెంట్‌ల డిస్క్ 0 మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్, వాల్యూమ్స్ చూడండి. పార్టిషన్ స్టైల్ (డిస్క్‌ని భాగాలు చేసిన పద్ధతి) దగ్గర జీపీటీ అని ఉంటే మంచిదే, అది కొత్తది. పాతదైన ఎంబీఆర్ అని ఉండి, మీరు లెగసీ (పాత) బూట్ తీసేసి యూఈఎఫ్ఐ పెట్టిన్రనుకోండి, విండోస్ లేవదు. మా షాపుకి వచ్చే "అప్‌డేట్ చేస్తే సిస్టమ్ చచ్చిపోయింది" కేసుల్లో చాలావరకు ఇవే. ఎంబీఆర్‌ని జీపీటీ చేసే ఎంబీఆర్2జీపీటీ టూల్ విండోస్ 10లోనే ఉంది, ఫైళ్లు పోకుండా మారుస్తది. అయినా బ్యాకప్ లేకుండా ముట్టుకోవద్దు.

ఐ3 సంగతి వదిలేయండి. దొంగదారిన 11 ఎక్కించే వీడియోలు చాలా ఉన్నయి. కానీ అట్ల ఎక్కించినవాటికి అప్‌డేట్లు వస్తయని మైక్రోసాఫ్ట్ గ్యారంటీ ఇవ్వదు.

ఇంకోటి: సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌ల సిస్టమ్ టైప్ ఏముందో చూడండి. 32 బిట్ అయితే నేరుగా అప్‌గ్రేడ్ కాదు, 11కి 32 బిట్ వెర్షనే లేదు. కొత్తగా వేసుకోవాలె. అంటే ఫాంట్లూ పేజ్‌మేకర్ అన్నీ మొదటి నుంచి.

డల్లాస్ బాబాయ్:

ఇందులో ఆలోచించడానికి ఏముందండీ? సెక్యూరిటీ ప్యాచ్‌లు రాని సిస్టమ్‌లో కస్టమర్లు తెచ్చిన పెన్‌డ్రైవ్‌లు పెడుతున్నారు. తక్షణం 11కి మారండి. అయినా పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో! ఎన్నాళ్లని దాన్నే పట్టుకుని వేలాడతారు? ఫోన్లలో, నెట్‌లో అంతటా వాడే యూనికోడ్‌కి వచ్చేస్తే మీ సమస్యలన్నీ తీరిపోతాయి.

తెనాలి డీటీపీ:

బాబాయ్ గారూ, పెన్‌డ్రైవ్ మాట నిజం, ఒప్పుకుంటాను. యూనికోడ్ గురించి మాత్రం ఒక్కసారి మా షాపులో కూర్చుని చూడండి. కస్టమర్ వాట్సాప్‌లో యూనికోడ్‌లోనే పంపిస్తాడు. అది అనులోకి మార్చుకుని, కన్వర్టర్ ఎక్కడ తడబడిందో అక్షరం అక్షరం చూసి, శుభలేఖకి నప్పే ఫాంట్ పెట్టి ఇవ్వాలి. పెళ్లికొడుకు తాతగారి పేరులో ఒక్క వత్తు ఎగిరిపోయినా కార్డులన్నీ వెనక్కి వస్తాయి. మా ప్రెస్ వాళ్లకు, బైండింగ్ వాళ్లకు, నాకు అందరికీ చేయి తిరిగింది దీనిమీదే.

కరీంనగర్ తమ్ముడూ, చూశాను. ఐ5 64 బిట్టే, డిస్క్ ఎంబీఆర్. ఐ3 మాత్రం 32 బిట్.

గవర్నర్‌పేట ప్రెస్:

అమ్మా, మాదీ ఇదే వృత్తి, విజయవాడ. మా దగ్గర విండోస్ 11లో పేజ్‌మేకర్ 7 నడుస్తోంది, అను కూడా. రెండింటినీ రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ పెట్టుకున్నాం. మీ ఐ5 ఇప్పటికే 64 బిట్ కాబట్టి ఈ మార్పు మీరనుకున్నంత పెద్దది కాదు.

నన్నడిగితే ఫాంట్ల కంటే ప్రింటర్ దగ్గర జాగ్రత్త. డాక్యుమెంట్ సెటప్‌లో "కంపోజ్ టు ప్రింటర్" అని ఉంటుంది చూడండి. పేజ్‌మేకర్ లైన్లు పేర్చేది ఆ ప్రింటర్‌ని బట్టే. అప్‌గ్రేడ్ అయ్యాక ప్రింటర్ డ్రైవర్ పేరు మారినా, విండోస్ తనంతట తాను డిఫాల్ట్ ప్రింటర్ మార్చినా, పాత ఫైలు తెరవగానే మళ్లీ పేర్చమంటారా అని అడుగుతుంది. అలవాటులో సరే కొట్టేస్తాం. ముహూర్తం లైను చివరి మాట కిందికి దిగుతుంది, దాంతో వేదిక అడ్రస్ బోర్డర్ మీదికెక్కుతుంది. ఫాంట్ పాడైందని కంగారుపడతాం. అందుకే "లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్" ఆఫ్ చేసి, మీ లేజర్ ప్రింటర్‌ని డిఫాల్ట్‌గా పెట్టుకోండి.

ఇప్పుడైతే తొందర వద్దు. విండోస్ 10కి 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే ఈఎస్‌యూ ఉంది. 22హెచ్2 వెర్షన్ ఉండి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, సెట్టింగ్స్ సింక్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. సింక్ వద్దనుకుంటే 30 డాలర్లు, లేదా 1000 రివార్డ్స్ పాయింట్లు. అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అని కనబడుతుంది. రెండు సిస్టమ్‌లకూ ఈ పూటే చేసెయ్యండి. బాబాయ్ గారి భయం తీరిపోతుంది.

అసలు మార్పు అధికమాసంలో పెట్టుకోండి. 2026లో అధిక జ్యేష్ఠం మే 17 నుంచి జూన్ 15 దాకా. పెళ్లిళ్లుండవు, శుభలేఖల పనీ ఉండదు. ఇంకో ఎస్‌ఎస్‌డీ డిస్క్ కొని ఐ5 డిస్క్‌ని ఉన్నదున్నట్టు దాంట్లోకి క్లోన్ (కాపీ) చేయండి. అసలు డిస్క్ తీసి బీరువాలో పెట్టండి. క్లోన్ మీదే జీపీటీకి మార్చడం, 11 ఎక్కించడం. బాగుంటే అదే ఉంచుకుంటారు, లేకపోతే పాత డిస్క్ తగిలించి, బయోస్‌ని పాత సెట్టింగ్‌కి తెచ్చుకుంటే పొద్దున్నే షాపు తెరుచుకుంటుంది. విండోస్‌లో "గో బ్యాక్" ఉంది గానీ దానికి గడువు 10 రోజులే.

ఫైళ్లు డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో మాత్రమే ఉంచకండి. 2018 అక్టోబర్‌లో విండోస్ 10 1809 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్స్ ఫైళ్లు తుడిచేస్తే, మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసి నవంబర్‌లో మళ్లీ వదిలింది.

తెనాలి డీటీపీ:

అధికమాసం మాట మా మరిదికి చదివి వినిపించాను. "కంప్యూటర్‌కి కూడా మూఢం చూస్తారా" అని నవ్వాడు. నవ్వనివ్వండి, ఎస్‌ఎస్‌డీ వాడి చేతే కొనిపిస్తాను.

ఐ5కి ఈఎస్‌యూ అయిపోయింది. ఐ3లో వెర్షన్ 21హెచ్2 అని ఉంది, 22హెచ్2 దిగుతోంది. దాన్ని బిల్‌బుక్కులకే ఉంచి, తర్వాత నెట్ తీసేస్తాను. ఒక్క అనుమానం. క్లోన్ డిస్క్‌లో 11 వేస్తే బీరువాలో ఉన్న పాత డిస్క్‌లో విండోస్ 10 లైసెన్స్ చెల్లకుండా పోతుందా?

కరీంనగర్ సర్వీస్:

పోదు అక్కా. డిజిటల్ లైసెన్స్ ముఖ్యంగా మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటది. డిస్క్ మారినంత మాత్రాన పోదు. రెండు డిస్కులూ ఒకేసారి తగిలించి మాత్రం ఆన్ చేయకండి. క్లోన్ కాబట్టి రెండింటికీ ఒకటే ఐడీ ఉంటది, విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ పెట్టేస్తది. ట్రేసింగ్ పేపర్ తీసే ముందు మామూలు ఏ4 మీద పాత కార్డు ఒకటి ప్రింట్ కొట్టి, బయట ఉన్న అచ్చు కార్డుతో ఎదురుగా పెట్టి చూసుకోండి.