అప్‌డేట్: సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్‌లో ఆడగలిగాము

ముందస్తు బుకింగ్ లేకుండా స్కాట్లాండ్ వెళ్తే సెయింట్ ఆండ్రూస్ పట్టణంలోని గోల్ఫ్ మైదానమైన ఓల్డ్ కోర్స్‌లో ఆడే వీలుంటుందా అని నేను అడిగినప్పుడు, ఆడే రోజుకు రెండు రోజుల ముందు తీసే బ్యాలెట్‌కు (లాటరీకి) పేర్లు ఇవ్వమని మీలో పలువురు సూచించారు. ఆ సలహా ఫలించి, నాకూ మా బావగారికీ అవకాశం దక్కింది. అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు.

ఆదివారాల్లో అక్కడ మామూలుగా ఆట ఉండదు, ఎవరైనా కోర్సులో నడవవచ్చు కాబట్టి, మేము ముందుగా ఆ రోజే వెళ్లి అంతా కాలినడకన చూసుకున్నాము. 14 హోల్స్ (బంతిని వేయాల్సిన గుంతతో ముగిసే ఆట భాగాలు) రెండేసి చొప్పున 7 విశాలమైన గ్రీన్లను, అంటే గుంత చుట్టూ పొట్టిగా కత్తిరించిన పచ్చికను, పంచుకుంటాయి. అందుకే ఒకే గ్రీన్‌పై రెండు జెండాలు కనిపించినా, వెళ్లేటప్పుడు తెల్లజెండాను, తిరిగివచ్చేటప్పుడు ఎర్రజెండాను గురిచూడాలన్నది ఆ నడకలోనే బాగా బోధపడింది.

బంకర్ల (ఇసుక గుంతల) గోడలు గడ్డిపెళ్లలను ఒకదానిపై ఒకటి పేర్చి దాదాపు నిటారుగా కట్టినవి. 14వ హోల్‌లోని హెల్ బంకర్‌లో బంతి పడినప్పుడు మా బావగారు, క్యాడీ (సంచి మోస్తూ సలహాలిచ్చే సహాయకుడు) మాట విని, ముందుకు కాక పక్కకు కొట్టి బయటపడ్డారు. అదే సరైన నిర్ణయమని నా అభిప్రాయం. సముద్రపు గాలి బలంగా వీస్తూ, నేల గట్టిగా ఉన్నచోట బంతిని ఎత్తుగా లేపడంకన్నా నేలబారుగా దొర్లించడమే మేలు. హైదరాబాద్‌లోని మెత్తటి పచ్చికకు అలవాటుపడినవారు దీనిని తప్పక సాధన చేసి వెళ్లాలి.

బ్యాలెట్‌కు కనీసం ఇద్దరు ఉండాలి. హ్యాండిక్యాప్ (ఆటగాడి నైపుణ్య స్థాయిని తెలిపే అంకె) ధ్రువపత్రాన్ని వెంట ఉంచుకోండి.