మొదటి రెగట్టాకి ఆప్టిమిస్ట్ బోటు, పాప ఎలా సిద్ధం కావాలి?

రంభ_రేవు (బరంపురం)

అందరికీ నమస్కారం. మా పాపకి పన్నెండేళ్లు, 34 కిలోల బరువు. రంభ దగ్గర చిలికలో ఆప్టిమిస్ట్ (పిల్లలు ఒక్కరే నడిపే చిన్న తెరచాప బోటు) నడుపుతోంది. ట్యాకింగ్, జైబింగ్ (బోటు ముందు కొసని, వెనక కొసని గాలి మీదుగా తిప్పి దిశ మార్చడం) వచ్చు, బోల్తా పడితే లేపుకుని నీళ్లు తోడుకోగలదు. జులైలో హుస్సేన్ సాగర్‌లో జరిగే మాన్‌సూన్ రెగట్టాకి (తెరచాప బోట్ల పోటీకి) మొదటిసారి పంపుదామనుకుంటున్నాం. బోటు అక్కడే అద్దెకి తీసుకుంటాం, సెయిల్ (తెరచాప) మాత్రం మాది. ఇంకా ఆరు వారాలుంది, వారానికి రెండు రోజులే నీళ్ల మీదకి వెళ్లగలం.

అద్దె బోటు చేతికొచ్చాక ఏమేం చూసుకోవాలి? ఈ పన్నెండు రోజులూ దేని మీద పెట్టాలి? ఇంకొకటి, ఎదురుగాలికి వెళ్లేటప్పుడు సెయిల్‌లో ముందు పైమూల నుంచి వెనక కిందిమూల దాకా ఏటవాలుగా ఒక ముడత పడుతోంది. సెయిల్ పాడైందా?

తాడు_ముడి

సెయిల్ బాగానే ఉందండి, స్ప్రిట్ (సెయిల్ వెనక పైకొనని ఎత్తిపట్టే ఏటవాలు కర్ర) వదులుగా ఉంది. స్ప్రిట్ తాడు కొద్దికొద్దిగా లాగుతూ ఆ ముడత మాయమైన చోట ఆపండి. ఇంకా లాగితే ముడత దిక్కు మారుతుంది, వెనక పైకొన నుంచి ముందు కిందిమూలకి పడుతుంది. అదొస్తే బిగింపు ఎక్కువైనట్టు. గాలి పెరిగేకొద్దీ మొదటి ముడత మళ్లీ తిరిగొస్తుంది కాబట్టి ఒడ్డున ఒకసారి సరిచేసి వదిలేస్తే కుదరదు. స్టార్టుకి ముందు రెండు నిమిషాలు ఎదురుగాలికి నడిపి, తలెత్తి సెయిల్ చూసి, బోటుని గాలికి ఎదురు నిలిపి పాప తన చేతులతో బిగించుకోవాలి. మీరు బిగించిపెడితే నీళ్లలోకి వెళ్లాక ఆ పని ఎవరూ చెయ్యలేరు.

అద్దె బోటులో మొదట చూడాల్సింది మాస్ట్ (సెయిల్ కట్టే నిలువు స్తంభం) నిలబడే చోటు. అడుగున ఉన్న కప్పులో, మాస్ట్ దూరే అడ్డబల్లలో బీటలున్నాయేమో వేలితో తడిమి చూడండి. మాస్ట్ పైకి జారకుండా పట్టుకునే క్లాంపుగానీ తాడుగానీ తప్పకుండా ఉండాలి. అది లేకుండా బోటు తలకిందులైతే మాస్ట్ ఊడి జారుతుంది, బోటుని లేపేటప్పుడు అడ్డబల్లని చీలుస్తుంది. తర్వాత రడ్డర్ (చుక్కాని). బోల్తా పడ్డప్పుడు కొక్కేల్లోంచి లేచిపోకుండా ఆపే స్ప్రింగు క్లిప్పు వంగిపోయిందేమో చూడండి. దాన్ని చాలామంది చూడరు.

బోటుని తేల్చే ఎయిర్‌బ్యాగులు మూడూ సాయంత్రం గట్టిగా ఊది, పొద్దున్న నొక్కి చూడండి. మెత్తబడినదాన్ని మార్చమని అడగండి. పట్టీలు వదులుగా ఉంటే బోటు మునిగినప్పుడు బ్యాగు పైకి తేలుతుంది, ఆ చోటంతా నీళ్లే నిండుతాయి. పిల్లలు తోడి తోడి అలిసిపోయేది ఇందుకే. అలాగని ఎండలో ఒడ్డున పెట్టి పూర్తి బిగువుగా ఊదకండి, లోపలి గాలి వ్యాకోచించి కుట్లు విడిపోతాయి.

మెజర్‌మెంట్‌లో (బోటు, సామాను నిబంధనల ప్రకారం ఉన్నాయా అని చూసే తనిఖీలో) కొత్త పిల్లలు ఆగిపోయేది చిన్న చిన్న వాటి దగ్గరే. సెయిల్‌కీ మాస్ట్‌కీ, సెయిల్‌కీ బూమ్‌కీ (సెయిల్ కింది అంచున ఉండే అడ్డకర్రకీ) మధ్య సందు 10 మిల్లీమీటర్లు దాటకూడదు. పెన్సిలు దూరొచ్చు, వేలు దూరకూడదు. కట్టుతాళ్లు తడిశాక సాగుతాయి, కాబట్టి ముందే తడిపి కట్టండి. సెయిల్ పై అంచు మాస్ట్ మీది రెండు పట్టీ గుర్తుల మధ్యే ఉండాలి. ముందు కట్టే లాగుడు తాడు నీళ్లలో తేలేది, 5 మిల్లీమీటర్ల మందం, కనీసం 8 మీటర్ల పొడవు, అతుకు లేకుండా ఒకే ముక్క. నీళ్లు తోడే డబ్బా తాడుతో బోటుకి కట్టి ఉండాలి. తెడ్డు ఉండాలి. లైఫ్‌జాకెట్‌కి విజిల్ కట్టి ఉండాలి, జేబులో పడేస్తే ఒప్పుకోరు.

రైల్లో సెయిల్ తీసుకెళ్లేటప్పుడు మడతపెట్టకండి, పీవీసీ పైపుకి చుట్టండి. చిలిక ఉప్పు కడగకుండా చుడితే గుడ్డ బిరుసెక్కుతుంది. మంచినీళ్లతో కడిగి నీడన ఆరబెట్టాకే చుట్టాలి.

గాలివాటం

పైన చెప్పినవన్నీ ఒక పూటలో అయిపోతాయి. మీ పన్నెండు రోజుల్లో కనీసం ఏడు స్టార్టుకే ఇవ్వండి. మాస్ట్ వాలు అరంగుళం అటా ఇటా అని కొలుస్తూ కూర్చుంటే ఈ స్థాయిలో ఒక్క స్థానం కూడా మెరుగవదు. ఒకసారి మాస్ట్ కొస నుంచి వెనక పలక పై అంచు దాకా టేపు పెట్టి చూడండి, 275 నుంచి 283 సెంటీమీటర్ల మధ్య ఉంటే చాలు. బోటు చదునుగా ఉన్నా టిల్లర్ (చుక్కాని పిడి) చేతిని బాగా లాగుతోందంటే మాస్ట్ అడుగుని కొంచెం వెనక్కి జరపండి, కొస ముందుకొస్తుంది, లాగుడు తగ్గుతుంది.

స్టార్టు సాధనకి రెండు బోయలు (నీళ్ల మీద తేలే గుర్తులు) చాలు, వాటి మధ్య గీతే స్టార్టు లైను. మొదట బోయ పక్కన సెయిల్ రెపరెపలాడిస్తూ ముప్పై సెకన్లు కదలకుండా నిలబడడం నేర్పండి. చాలామంది పిల్లలు ఇక్కడే లైనుకి అడ్డంగా కొట్టుకుపోతారు. అది వచ్చాక, నిలబడ్డ బోటు పూర్తి వేగం అందుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతోందో పాపే గడియారంతో లెక్కపెట్టుకోవాలి. సున్నాకి అన్ని సెకన్ల ముందు షీటు (సెయిల్‌ని బిగించే తాడు) లాగాలి. సున్నా పడ్డాక లాగితే అప్పటికే ముందు రెండు వరసలుంటాయి.

లైను కనిపెట్టడానికి ఒడ్డున గుర్తు పెట్టుకోవడం అలవాటు చెయ్యండి. రంభలో అయితే లైను చివర నిలబడి రెండో బోయ వెనక బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్‌లో ఏది కనిపిస్తోందో చూడమనండి. లైను మధ్యలో ఉన్నప్పుడు అదే గుర్తు బోయకి ఏ పక్క పడుతోందో చూస్తే, లైనుకి ఇంకా దూరం ఉందో దాటేసిందో తెలుస్తుంది. వలల వెదురు కర్రలున్న వైపు మాత్రం వద్దు, డాగర్‌బోర్డు (బోటు అడుగు నుంచి నీళ్లలోకి దింపే పలక) తగిలిందంటే అంచు పోతుంది.

హుస్సేన్ సాగర్‌లో ఆ నెలలో గాలి ఎక్కువగా పడమర నుంచి, నెక్లెస్ రోడ్డు వైపు కట్టడాల మీదుగా వస్తుంది. చిలిక గాలిలా నిలకడగా ఉండదు. నీళ్ల మీద నల్లగా మచ్చలా పరుగెత్తుకొచ్చేదే గాలి తెర. అది తగిలే లోపే బోటు బయటికి వెనక్కి వంగడం, షీటు అరచెయ్యి మేర వదలడం, మళ్లీ లాగడం, ఇవి వరసగా రావాలి. 34 కిలోలకి గాలి మరీ ఎక్కువైతే డాగర్‌బోర్డు 5 నుంచి 10 సెంటీమీటర్లు పైకెత్తితే బోటు తేలిగ్గా చదునుగా నిలబడుతుంది.

రంభ_రేవు (బరంపురం)

ఇద్దరికీ కృతజ్ఞతలు. స్ప్రిట్ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. జెండాల విషయం కూడా ఎవరైనా చెప్తారా? పాపకి లెక్క తెలుసుగానీ ఏ జెండాకి ఏ శిక్షో కలగాపులగమవుతోంది. ఒడ్డునుంచి మేం ఏమైనా చెప్పొచ్చా?

పసుపు_జెండా

చివరి ప్రశ్నకి ముందు జవాబు. స్టార్టుకి నాలుగు నిమిషాల ముందు సిగ్నల్ పడ్డాక బయటివాళ్ల సాయం నిషిద్ధం. ఒడ్డునుంచి తెలుగులో అరిచినా సాయమే. ప్రొటెస్టు (ఫిర్యాదు) పడితే నష్టం పాపకే. చెప్పాల్సిందంతా నీళ్లలోకి దిగకముందే చెప్పేయండి.

స్టార్టు లెక్క నిమిషాల్లో ఐదు, నాలుగు, ఒకటి, సున్నా. ఐదుకి క్లాసు జెండా (ఆ రకం బోట్ల జెండా) పైకి, నాలుగుకి ప్రిపరేటరీ జెండా (సిద్ధం కమ్మనే జెండా) పైకి, ఒకటికి అది కిందికి, సున్నాకి క్లాసు జెండా కిందికి. ఎప్పుడూ జెండానే చూడమనండి. హారన్ మోగకపోయినా జెండా కదిలిన క్షణమే లెక్క.

నాలుగు నిమిషాల జెండా రంగుని బట్టి పాప ఎంత సాహసించాలో తేలుతుంది. నీలంలో తెల్ల చదరం ఉంటే పి, ముందు దాటితే వెనక్కొచ్చి మళ్లీ స్టార్టు తీసుకోవచ్చు. పసుపులో నల్ల గుండ్రం ఐ, చివరి నిమిషంలో దాటితే లైను ఏదో ఒక కొస చుట్టూ తిరిగి రావాలి. ఎరుపు తెలుపు గళ్లది యు. చివరి నిమిషంలో లైనుకీ మొదటి మార్కుకీ (చుట్టి రావాల్సిన బోయకీ) మధ్య త్రికోణంలో దొరికితే ఆ రేసు పోయినట్టే, అయితే స్టార్టు రద్దయి మళ్లీ పెడితే బతుకుతుంది. నల్ల జెండాలో ఆ అవకాశం కూడా లేదు. మొదటి రెగట్టాలో యు, నల్ల జెండాలప్పుడు రెండో వరసలో ఉండి స్టార్టు తీసుకున్నా నాకు సమ్మతమే. 40 బోట్లున్న రేసులో డిస్‌క్వాలిఫై అయితే 41 పాయింట్లు, ఇరవయ్యోది వస్తే 20.

దాటినవాళ్లలో కొందరినే పిలిస్తే తెలుపు మీద నీలం క్రాసు జెండా ఎగురుతుంది. అందరినీ పిలిస్తే నీలం అంచున్న పసుపు త్రికోణం. తను దాటానన్న అనుమానం ఉంటే పక్కవాళ్లు ఆగుతారా అని చూడకుండా వెంటనే తిరిగి రావాలి. వెనక్కొచ్చేటప్పుడు మిగతా అందరికీ దారివ్వాలి.

నీళ్ల మీద తప్పులకి శిక్ష అక్కడే తీర్చుకోవచ్చు. పోర్టు ట్యాక్‌లో (గాలి ఎడమ వైపు నుంచి తగులుతూ) వచ్చి స్టార్‌బోర్డు (గాలి కుడి వైపు నుంచి తగిలే) వాళ్లకి అడ్డమైతే పక్కకి తప్పుకుని రెండు చుట్లు, మార్కు తగిలితే ఒక చుట్టు. ప్రతి చుట్టులో ఒక ట్యాక్, ఒక జైబ్ ఉండాలి. గాలి తక్కువున్నప్పుడు బోటు ఊపినా, షీటు పంపు చేసినా (పదే పదే లాగి వదిలినా) జ్యూరీ విజిల్ వేసి పసుపు జెండా చూపించి సెయిల్ నంబరు పిలుస్తుంది. మొదటిసారి రెండు చుట్లు, రెండోసారి ఆ రేసు వదిలి రావాలి. ఈ చుట్లు తిరగడం కూడా సాధన చెయ్యించండి. రోజుకి పది, రెండు వైపులా. రేసులో మొదటిసారి తిరిగిన పిల్లలు సగంలో గాలికి ఎదురు ఇరుక్కుపోతారు.

ఎవరైనా పాపకి అడ్డమొస్తే వెంటనే "ప్రొటెస్ట్" అని గట్టిగా అరవాలి. 6 మీటర్ల లోపు బోటు కాబట్టి ఎర్ర జెండా అక్కర్లేదు, కానీ ఆ అరుపు లేకపోతే ఒడ్డుకొచ్చాక రాసిచ్చినా చెల్లదు. సిగ్గుపడే పిల్ల అయితే ఇది ఇంట్లోనే పలికించండి.